కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు



ఈనాటి ప్రసంగంలో మనం కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుందాం. మన బీదర్ జిల్లాలో ఈ బాధకు పేర్ల కొదవ లేదు. ఇంట్లో తెలుగులో వాతం అంటాం. కన్నడంలో సంధివాత అంటారు, కీలు నోవు అని కూడా అంటారు. బజారులో ఉర్దూ మాట్లాడేవారు గఠియా అంటారు. ఇన్ని పేర్లున్నా వాటి వెనక ఉండే అభిప్రాయం మాత్రం ఒక్కటే. వయసు మీదపడితే కీళ్ళు నొప్పి పెడతాయి, దానికి చేయగలిగింది లేదు, ఒక సూది వేయించుకుంటే నాలుగు రోజులు గడుస్తాయి అని. ఈ అభిప్రాయమే చాలామందిని మంచాన పడేస్తోంది. కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు. కొన్ని ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతాయి. కొన్ని, వైద్యం ఆలస్యమైతే, ఒకటి రెండేళ్ళలోనే చేతుల కీళ్ళను పాడుచేస్తాయి. ఇంకొన్నింటికి ఆ రోజుకారోజే ఆసుపత్రికి పోవాలి. ఏది ఏ రకమో కొంతవరకు మనమే గమనించవచ్చు. అందుకు యంత్రాలేమీ అక్కర్లేదు. గోడ మీద ఒక గడియారం ఉంటే చాలు. అది ఎలాగో చెబుతాను.

నేను పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నాను, వైద్య వృత్తిలో లేను. అందుచేత ఫలానా మందు వాడండి అని చెప్పబోను. ఏది గమనించాలి, ఎప్పుడు వైద్యుని దగ్గరకు పోవాలి, ఇంట్లో మన చేతిలో ఏముంది అన్నంత వరకే చెబుతాను.

ముందుగా కీలు అంటే ఏమిటో చూద్దాం. బడిలో చదివిన పాఠం కొందరికి గుర్తుండే ఉంటుంది. భుజంలో ఉన్నది బంతిగిన్నె కీలు, మోచేతిలో ఉన్నది మడతబందు కీలు. తలుపు మడతబందు మీద తిరిగినట్టే మన మోచేయి తిరుగుతుంది. అయితే తలుపు బందులో ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. మన కీలులో ఎముక ఎముకతో రాసుకోదు. ఎముకల కొసలకు మృదులాస్థి అనే నున్నని పొర ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య జిగటగా ఉండే కొద్దిపాటి ద్రవం ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో కీలుకు ఆ ద్రవం అలాగ. చుట్టూ ఒక సంచి, ఆ సంచి లోపల ఒక పలుచని పొర, దాని బయట కీలును పట్టి ఉంచే నరాల్లాంటి బంధనాలు, కండరాలు ఉంటాయి. మృదులాస్థి అరిగితే ఒక రకం జబ్బు. సంచి లోపలి పొర వాస్తే మరో రకం. ద్రవంలో స్ఫటికాలు చేరితే ఇంకో రకం. క్రిములు చేరితే వేరే రకం. ఇప్పుడు వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది అరుగుదల. దీనిని వైద్యులు ఆస్టియో ఆర్థ్రయిటిస్ అంటారు. సాధారణంగా నలభై అయిదు, యాభై దాటినవారికి, అందులోనూ ఆడవారికి ఎక్కువగా, మోకాళ్ళలో వస్తుంది. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు నొప్పి పుడుతుంది. కాసేపు విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. పొద్దున లేవగానే మోకాలు పట్టేసినట్టు ఉన్నా, నాలుగు అడుగులు వేసేసరికి, మహా అయితే అరగంటలోపల, సడలుతుంది.

రెండవది అసలైన కీళ్ళవాతం. దీని పేరు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. ఇది ముసలితనపు జబ్బు కాదు. ముప్పై, నలభై ఏళ్ళ వయసులో, పిల్లలను పెంచుకుంటూ పొలం పని చేసుకునే ఆడవారికి తరచుగా వస్తుంది. మగవారితో పోలిస్తే స్త్రీలకు రెండు మూడింతలు ఎక్కువ. మన ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరబడి, కీలు సంచి లోపలి పొర మీద దాడి చేస్తుంది. చేతివేళ్ళ మొదళ్ళు, మణికట్లు, కాలివేళ్ళ మొదళ్ళు వాస్తాయి. చాలావరకు రెండు వైపులా ఒకే తీరుగా వాస్తాయి. నీరసం, సన్నని జ్వరం, ఆకలి మందగించడం కూడా ఉండవచ్చు. పొద్దున లేస్తే చేతులు పిడికిలి పట్టవు. రొట్టె తట్టడం, చెంబు ఎత్తడం, జాకెట్టు గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. ఆ బిగువు గంటసేపు, రెండు గంటలు, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఉంటుంది.

ఇప్పుడు గడియారం సంగతి అర్థమై ఉంటుంది. రేపు పొద్దున లేవగానే టైము చూడండి. కీళ్ళు సడలి మామూలుగా పని చేసేసరికి ఎంతసేపు పట్టిందో మళ్ళీ చూడండి. అరగంట లోపలైతే అరుగుదల కావడానికే అవకాశం ఎక్కువ. గంట దాటుతూ ఉండి, దానితోపాటు చేతుల కీళ్ళలో వాపు కూడా ఉంటే ఆలస్యం చేయకండి. ఆ వాపు ఆరు వారాలు నిలిచిందంటే తప్పనిసరిగా వైద్యుని చూడాలి. ఎందుకింత తొందర అంటే, ఈ జబ్బులో మొదటి మూడు నుంచి ఆరు నెలలు చాలా విలువైనవి. ఆ కాలంలో సరైన వైద్యం మొదలైతే కీలును కాపాడుకోవచ్చు. ఎముక ఒకసారి తినబడి వేళ్ళు వంకర పోయాక, మందుతో వాపు తగ్గుతుందే గాని వంకర సరికాదు. కాబట్టి ఇంట్లో కోడలో కూతురో పొద్దున చేతులు రావడం లేదు అంటే, పని తప్పించుకోవడానికి అంటోందని అనుకోకండి. చేతులు పట్టి చూడండి.

ఈ జబ్బుకు ఎక్కువగా వాడే మందు మెథోట్రెక్సేట్. దీని గురించి ఒక్క హెచ్చరిక తప్పక చెప్పాలి. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకునేది కాదు. చదువురానివారు రోజుకొకటి మింగితే ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉంటే, వైద్యుడు చెప్పిన వారాన్ని, ఆదివారమో గురువారమో, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి మందు డబ్బాకు అంటించండి. మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించాలి. గర్భం దాల్చాలనుకునేవారు ఆ మాట ముందుగానే వైద్యునికి చెప్పాలి. ఈ మందు గుణం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పది రోజుల్లో నొప్పి పోలేదని మానేయడం మంచిది కాదు.

మూడవది గౌట్. రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లవారుజామున కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేక లేస్తాడు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు సూదుల్లా కీలులో చేరడం వల్ల ఇది వస్తుంది. మగవారిలో ఎక్కువ. ఇక్కడ మన జిల్లాకు సంబంధించిన మాట ఒకటి ఉంది. బీదర్ కంది, పెసర, మినుము పండే నేల. వాతం అనగానే పప్పు మానేయమని మనవాళ్ళు చెబుతారు. పప్పులు, కూరగాయల వల్ల గౌట్ ముప్పు పెద్దగా పెరగదని ఇప్పుడు తేలింది. ముప్పు పెంచేవి మద్యం, కార్జం వంటి లోపలి అవయవాల మాంసం, తీపి కూల్ డ్రింకులు, అధిక బరువు. సారా మానకుండా పప్పు మానినవాడికి ఒరిగేదేమీ లేదు. వంకాయ, గోంగూర, చింతపండు కీళ్ళను పాడుచేస్తాయనడానికీ గట్టి ఆధారం లేదు. ఏదైనా తిన్నప్పుడల్లా మీకు బాధ పెరుగుతుందని గమనిస్తే అది మానండి. అంతేగాని జొన్నరొట్టె, కారం నీళ్ళతో రోజులు గడిపి కండ కరిగించుకోకండి. కండ తగ్గితే కీలుకు ఆసరా తగ్గుతుంది.

నాలుగవది జ్వరం తర్వాత వచ్చే నొప్పులు. 2006 సంవత్సరాన్ని మన ప్రాంతం మరచిపోలేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన చికున్‌గున్యా, మరుసటి ఏడు కర్ణాటకలో ఏడున్నర లక్షల మందికి పైగా సోకినట్టు లెక్క తేలింది. ఊరికి ఊరే నడుము వంచి నడిచిన రోజులవి. ఆ పేరు కూడా ఆఫ్రికాలోని మకొండె భాష నుంచి వచ్చింది. వంగిపోవడం అని దాని అర్థం. 1952లో టాంగన్యీకాలో, అంటే నేటి టాంజానియాలో, ఈ జ్వరాన్ని మొదట గుర్తించారు. జ్వరం వారంలో పోయినా నొప్పులు కొందరిని నెలల తరబడి, ఏళ్ళ తరబడి పట్టుకుంటాయి. దీనికి కారణమైన దోమ పగటిపూట కుడుతుంది, ఇంటి దగ్గరి మంచినీటిలోనే పెరుగుతుంది. వారానికి ఒకసారి తొట్టి, గోలెం, కూలరు ఖాళీ చేసి ఆరబెట్టడం కూడా కీళ్ళను కాపాడుకునే పనే.

అయిదవది నీటి వల్ల వచ్చేది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే ఒక జబ్బును వైద్యులు 1937లో వివరించారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కావడమే దానికి కారణం. తర్వాత నల్లగొండ జిల్లా ఈ బాధతో దేశానికంతటికీ తెలిసింది. అక్కడ పిల్లల కాళ్ళు వంకరపోయాయి, పెద్దల వెన్నులు కర్రల్లా బిగిశాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించకపోవడం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు కూడా ఒకటిన్నర మించరాదు అన్నది మన దేశపు ప్రమాణం. ఒక వీధిలో చాలామందికి వెన్ను, కీళ్ళు బిగుసుకుని, పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తే, అక్కడ మందుకన్నా ముందు బోరు నీటిని పరీక్ష చేయించమని పంచాయతీని అడగాలి.

ఇక పిల్లల మాట. పిల్లలకు కీళ్ళవాతం ఏమిటి అని కొందరు నవ్వుతారు. బడిలో పనిచేసేవారికి ఇది తెలిసి ఉండాలి. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాలు వాచి, అది తగ్గుతూ ఉండగానే చీలమండ వాచి, ఇలా నొప్పి ఒక కీలు నుంచి మరో కీలుకు మారుతూ ఉంటే, అది రుమాటిక్ జ్వరం కావచ్చు. ఇందులో కీళ్ళు బాగుపడతాయి గాని గుండె కవాటాలు చెడిపోతాయి. వెంటనే చూపిస్తే, మూడు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ సూదిమందుతో గుండెను కాపాడవచ్చు. అలాగే పొద్దున ప్రార్థన వేళ కుంటుతూ వచ్చి, పదకొండు గంటలకు మామూలుగా పరుగెత్తే పిల్లవాడిని చూస్తే, బడికి రావడానికి నటిస్తున్నాడని కొట్టకండి. పిల్లల్లోనూ కీళ్ళవాతం ఉంటుంది, అదీ పొద్దుటి పూటే ఎక్కువగా పట్టేస్తుంది.

ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవలసిన సందర్భం ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఒకే ఒక్క కీలు ఉన్నట్టుండి వేడెక్కి, ఎర్రబడి, వాచి, కదిలించలేనంత నొప్పిగా ఉండి, దానికి తోడు జ్వరం ఉంటే, లోపల చీము చేరి ఉండవచ్చు. కొద్ది రోజుల ఆలస్యంతోనే ఆ కీలు శాశ్వతంగా చెడిపోతుంది. దానికి కట్లు కట్టించడం, తోమించడం పనికిరావు.

ఇప్పుడు సూదిమందు సంగతికి వద్దాం. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ పేరు మందుల షాపులో అందరికీ తెలుసు. ఈ మందుకు ఒక కథ ఉంది. మన చిన్నతనంలో ఊరి బయట పశువు చనిపోతే రాబందులు దిగేవి. తర్వాత అవి కనబడకుండా పోయాయి. పశువుల నొప్పికి ఈ మందే ఇచ్చేవారని, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయని 2004లో కనుగొన్నారు. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మనిషి రాబందు కాడు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే ఇది పనికొచ్చే మందే. కాని నెలల తరబడి సొంతంగా వాడితే మన మూత్రపిండాలకూ, కడుపుకూ, గుండెకూ చేటు చేస్తుంది. బీ.పీ., షుగరు ఉన్నవారికి, ముసలివారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

దానికన్నా ప్రమాదమైనవి పేరులేని పొట్లాలు. సంతలో, జాతరలో, బస్టాండు దగ్గర అమ్మే పొడుల్లో, మాత్రల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిపి ఉంటారు. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఆకలి పుడుతుంది, ముఖం నిండుగా అవుతుంది. ఒళ్ళు చేశాడని ఇంట్లోవారు సంతోషిస్తారు. అది కండ కాదు, వాపు. లోపల షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. స్టెరాయిడ్‌ను వైద్యులు కూడా వాడతారు. కాని కొలిచి, కొద్దికాలం, చూసుకుంటూ వాడతారు. ఇప్పటికే ఇలాంటి పొడి నెలల తరబడి వాడుతున్నవారు ఈ మాట విని రేపే హఠాత్తుగా మానేయకండి, అదీ ప్రమాదమే. ఆ పొట్లాన్ని తీసుకెళ్ళి వైద్యునికి చూపించి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి. ఇక వాతానికని కాల్చి వాతలు పెట్టించడం వల్ల పుండు మిగులుతుంది తప్ప వాతం పోదు.

మరి ఇంట్లో మన చేతిలో ఏముంది? చాలానే ఉంది. మొదటిది బరువు. ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అయిదు కిలోలు తగ్గితే ఎంతో మీరే లెక్క వేసుకోండి. రెండవది కదలిక. నొప్పి ఉంది గదా అని మంచం పట్టినకొద్దీ తొడ కండరం సన్నబడుతుంది, మోకాలి మీద భారం పెరుగుతుంది. కుర్చీలోనో మంచం అంచునో కూర్చుని వింటున్నవారు ఇప్పుడే నాతో చేయండి. కుడికాలును ముందుకు చాచి నిటారుగా ఎత్తండి. తొడ బిగించండి. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి, తెలుగులో అయినా సరే, కన్నడంలో అయినా సరే. ఊపిరి బిగపట్టకండి. మెల్లగా దించండి. ఇప్పుడు ఎడమకాలు. ఇలా ఒక్కో కాలికి పదిసార్లు, పూటకొకసారి చొప్పున రెండు పూటలా చేయండి. రెండు మూడు నెలలు వదలకుండా చేసినవారికి తేడా తెలుస్తుంది.

మూడవది కూర్చునే పద్ధతి. గొంతుకూర్చుని గిన్నెలు తోమడం, కలుపు తీయడం, మరుగుదొడ్డికి కూర్చోవడం మోకాలికి భారం. తోమేటప్పుడు, కూరలు తరిగేటప్పుడు ఎత్తయిన పీట వేసుకోండి. మరుగుదొడ్డి మీద పెట్టుకునే కుర్చీలు ఇప్పుడు బజారులో దొరుకుతాయి. ముసలివారికి అది ఎంతో మేలు. మన బిద్రీ పనివారివంటి చేతివృత్తులలో ఉన్నవారు ఉలి, సుత్తి పట్టి గంటల తరబడి వంగి కూర్చుంటారు. వారు అరగంటకొకసారి లేచి వేళ్ళు చాచి ముడవాలి, మెడ తిప్పాలి, ఉలి పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసుకుంటే వేళ్ళ మీద ఒత్తిడి తగ్గుతుంది. నాలుగవది చేతికర్ర. చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమచేతిలో ఉండాలి. కుడికాలితో పాటు అది ముందుకు పడాలి. అయిదవది, బీడీ, సిగరెట్టు మానడం. పొగ తాగేవారిలో రుమటాయిడ్ ముప్పు ఎక్కువ.

మన బీదర్ ఎత్తయిన నేల. డిసెంబరు చలికి కీళ్ళు మరింత బిగుసుకుంటాయి. చలి కీలును అరగదీయదు, బాధను మాత్రం పెంచవచ్చు. గోరువెచ్చని నీటి స్నానం, ఉన్ని గుడ్డ హాయినిస్తాయి. బిగువుకు వెచ్చని కాపడం, ఎర్రగా వేడెక్కి వాచిన కీలుకు చల్లని గుడ్డ అని గుర్తుంచుకోండి. షుగరు జబ్బుతో స్పర్శ తగ్గినవారు కాపడం పెట్టుకునే ముందు వేడిని మరొకరి చేత చూపించుకోవాలి.

వైద్యం ఎక్కడ దొరుకుతుంది అంటే, మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తాలూకా ఆసుపత్రికో వెళ్ళండి. బీదర్‌లో బ్రిమ్స్ ఆసుపత్రి ఉంది. రుమటాయిడ్ వంటి జబ్బులకు రుమటాలజిస్టులు అనే ప్రత్యేక వైద్యులు ఉంటారు. హైదరాబాదులోని నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఆ సంస్థ 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, ఎముకలు, కీళ్ళ వైద్యానికే మొదలైంది. ఆయుష్మాన్ భారత్, ఆరోగ్య కర్ణాటక కార్డు ఉన్నవారు ఏ చికిత్సకు అది వర్తిస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. మోకాలు పూర్తిగా అరిగిపోయి, నడక, నిద్ర కరువైనవారికి మోకాలి మార్పిడి శస్త్రచికిత్స ఉంది. అది చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుని వెళ్ళండి. ఏయే కీళ్ళు వాచాయి, ఎన్ని వారాలుగా, పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు, ఇప్పటిదాకా ఏ మందులు, ఏ పొడులు వాడారు. ఈ నాలుగూ తెలిస్తే వైద్యుని పని సగం సులువవుతుంది. రక్తపరీక్షలో ఆర్.ఎ. ఫ్యాక్టర్ వచ్చిందని బెంగపడనూ వద్దు, రాలేదని ధీమాగా ఉండనూ వద్దు. పరీక్ష ఒక్కటే జబ్బును తేల్చదు, మీరు చెప్పే ఆ నాలుగు సంగతులూ దానితో కలవాలి.

ఇంట్లో పొద్దున ముందుగా లేచేది చాలావరకు అమ్మే. అందరికన్నా ముందు చేతులు పట్టేసేదీ, ఆ మాట అందరికన్నా చివర చెప్పేదీ ఆమే. రేపు పొద్దున మీరే ఆమెను అడగండి. గడియారం చూసి అడగండి.